నలభై ఏళ్ల తర్వాత నీటి అడుగుకు
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి నాకంటే బాగా మాట్లాడేవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నన్ను మాత్రం "మీ సముద్రం సంగతి చెప్పండి, మన పిల్లలకు పనికొస్తుంది" అన్నారు కార్యదర్శిగారు. ఆయన ఆజ్ఞ ప్రకారం నాలుగు మాటలు మనవి చేస్తాను.

మీలో చాలామందికి నేను స్టోర్సు సీటు గుమాస్తాగానే తెలుసు. అంతకు ముందు పదిహేనేళ్లు నౌకాదళంలో ఉన్నాను. 1969లో చేరి 1984లో బయటికి వచ్చాను. కొచ్చిలో డైవింగ్ స్కూలు శిక్షణ పూర్తిచేసి, నా అసలు డ్యూటీతోబాటు ఓడ డైవరుగా కూడా పనిచేశాను. ఓడ పంకాకు తాడు చుట్టుకుంటే దిగి కోయడం, ఓడ అడుగుభాగం చేత్తో తడిమి చూసి రావడం మా పని. తర్వాత మాజీ సైనికుల కోటాలో ఇక్కడ జూనియర్ అసిస్టెంటునయ్యాను. 2009లో రిటైరయ్యాను. 1983 తర్వాత సిలిండరు వీపున కట్టుకుని నీళ్లలోకి దిగలేదు. పెనుమూడి రేవులో మునిగానంటే అది పుష్కరస్నానమే.

మా మనవరాలు విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తోంది. అక్కడ రుషికొండ దగ్గర స్కూబా డైవింగు నేర్పేవారున్నారు. నేర్చుకుని, "తాతయ్యా, నువ్వు కూడా రా" అని పట్టుబట్టింది. మన నిజాంపట్నం దగ్గర సముద్రం ఉంది గదా, అంతదూరం ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. మన వైపు కృష్ణమ్మ తెచ్చిన ఒండ్రు కలిసి నీళ్లు బురదగా ఉంటాయి. చెయ్యి చాపితే వేళ్లు కనబడవు. రుషికొండ దగ్గర అడుగున రాళ్లున్నాయి, నీళ్లు తేటపడిన రోజుల్లో చేపలు కనబడతాయి.

ఇంట్లో మాట చెప్పగానే మా ఆవిడ, "వెళ్లండి, వద్దనను. ఫ్యామిలీ పెన్షను కాగితాలు ఏ బీరువాలో పెట్టారో చెప్పి వెళ్లండి" అంది. నవ్వులాటకే అన్నా, ఆ రాత్రి ఆవిడకు నిద్ర పట్టలేదని నాకు తెలుసు. అందుకని ఒక మాట ఇచ్చాను. డాక్టరు సంతకం లేకుండా ఒక్క వస్తువు కూడా కొననన్నాను.

నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఈ వరుస గురించే. చాలా ఏళ్ల తర్వాత తిరిగి దిగేవారు ముందు దుకాణానికి పోతారు. ముప్పై ఏళ్లప్పటి ఒళ్లు మనసులో పెట్టుకుని సామాను ఏరుకుంటారు. స్టోర్సులో ఇండెంటు రాసేటప్పుడు మనం ఏం చేసేవాళ్లం? ఏ పనికి, ఏ యంత్రానికి, దాని ఇప్పటి పరిస్థితి ఏమిటి అని మొదట చూసేవాళ్లం. ఇక్కడ యంత్రం మన శరీరమే. డైవింగుకు ముందు ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల పత్రంలో 45 ఏళ్లు దాటినవారికి విడిగా ప్రశ్నలున్నాయి: పొగ తాగుతారా, కొలెస్ట్రాల్ ఉందా, బి.పి. ఉందా అని. ఒక్కదానికి అవునన్నా డాక్టరు సంతకం కావాలి. నీళ్లలో పెద్దవయసువారి మరణాలకు గుండె జబ్బు ముఖ్యమైన కారణాల్లో ఒకటి. గుంటూరులో ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకున్నాను. బి.పి. మాత్రల చీటీ చూపించాను. చెవులు, ఊపిరితిత్తులు చూశారు. సంతకం చేయడానికి డాక్టరుగారు రెండు వారాలు తీసుకున్నారు. ఆ రెండు వారాలూ ప్రమోషను ఫైలు కోసం ఎదురుచూసినట్టే ఎదురుచూశాను. ఈలోగా ఈతకొలనులో రోజూ ఈదాను. మామూలుగా డైవింగు కోర్సుకు ఆగకుండా 200 మీటర్లు ఈదగలగాలి, పది నిమిషాలు తేలగలగాలి. మొదటిరోజు అరవై మీటర్లకే ఆయాసం వచ్చింది. నెల తిరిగేసరికి 200 పూర్తయింది.

ఇక నా పాత సామాను. రేకుపెట్టెలో నల్లరబ్బరు మాస్కు ఒకటి, కాళ్లకు తొడుక్కునే తెడ్లు ఒక జత దాచుకున్నాను. వాటిని ఫిన్స్ అంటారు. నలభై ఏళ్ల మమకారం. తీసి చూస్తే మాస్కు అంచు చేతికి బంకలా అంటుకుంటోంది, వంచితే పగుళ్లు కనబడుతున్నాయి. రబ్బరుకు వాడినా వయసు వస్తుంది, వాడకపోయినా వస్తుంది. సర్వీసులో ఎన్ని వస్తువులకు కండెమ్నేషను రిపోర్టు రాశాను! దీనికీ మనసులో రాసి మనవడికి ఆటవస్తువుగా ఇచ్చేశాను.

ఇంతలో తెలిసినవాళ్ల ద్వారా ఒకాయన పూర్తి సెట్టు సెకండ్‌హ్యాండులో చవకగా ఇస్తానన్నాడు. సిలిండరు, రెగ్యులేటరు, గాలి జాకెట్టు అన్నీ కలిపి. ఫోటోలు పంపాడు, ధగధగలాడుతున్నాయి. సిలిండరు మెడమీద కొట్టిన పరీక్ష తేదీ కనబడేలా ఫోటో పంపమన్నాను. పంపలేదు. రెగ్యులేటరు సర్వీసు చేయించిన రసీదు అడిగాను. "అంతా కండిషనే సార్" అన్నాడు. రసీదు లేని కండిషనును నేను ఉద్యోగంలో ఉండగానే ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటానా?

ఆ తేదీ సంగతి మనందరికీ తెలిసిందే. ఇంటికి వచ్చే గ్యాసుబండ పైన ఏ, బి, సి, డి అక్షరాల్లో ఒకటి, పక్కన రెండంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, అలా మూడేసి నెలలు, అంకెలు సంవత్సరం. తిరిగి పరీక్ష చేయవలసిన గడువు అది. డైవింగు సిలిండరుకూ ఇలాంటి లెక్కే ఉంది. ఐదేళ్లకోసారి నీటి ఒత్తిడి పరీక్ష, ఏడాదికోసారి లోపలి భాగం చూడడం వాడుకలో ఉన్న పద్ధతి. కారు టైరులో గాలి రెండు బార్ల పైచిలుకు ఉంటే, ఈ సిలిండరులో 200 బార్లు ఉంటుంది. అంత ఒత్తిడి మోసే లోహానికి లోపల తుప్పుందో పగులుందో పైన వేసిన రంగు చెప్పదు.

ఇంకొకటి. చాలామంది డైవరు వీపున ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు. 2021లో కోవిడ్ రెండో విడతలో ఆక్సిజన్ సిలిండర్ల కోసం మనం పడ్డ అవస్థ మరిచిపోలేదు గనుక ఆ మాటే నోటికి వస్తుంది. మామూలు స్కూబాలో ఉండేది మనం ఇప్పుడు పీలుస్తున్న గాలే, శుభ్రంచేసి కుక్కినది. రెగ్యులేటరు అనేది ఆ 200 బార్ల ఒత్తిడిని తగ్గించి, మనం పీల్చినప్పుడు మాత్రమే, మనమున్న లోతుకు సరిపడా గాలి ఇచ్చే పరికరం. ఫ్రాన్సులో 1943లో కూస్తో అనే నౌకాదళ అధికారి, గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి దీన్ని పనిలో పెట్టారు. యుద్ధకాలంలో పెట్రోలు కరువై కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యాన్ తయారుచేసిన వాల్వే దీనికి మూలం. కరువులోంచి పుట్టిన వస్తువన్నమాట.

దాని లోపల చిన్న రబ్బరు రింగులు, డయాఫ్రం ఉంటాయి. ఉప్పునీళ్లు తగిలి, ఏళ్లతరబడి అటకమీద పడి ఉన్నదాన్ని తెచ్చి నోట్లో పెట్టుకోవడం ప్రాణంతో చెలగాటం. మీ పిల్లలెవరైనా పదేళ్ల కిందట కొన్నది బయటికి తీస్తే, తయారీదారు చెప్పిన ప్రకారం సర్వీసు చేయించే దాకా దాన్ని నీళ్లకు దూరంగా పెట్టించండి. గొట్టాలు వంచి పగుళ్లు చూడాలి. జాకెట్టులో గాలినింపి రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి మెత్తబడిందో లేదో తెలుస్తుంది. చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటరులో పాత బ్యాటరీ కారి లోపల పాడుచేసి ఉంటుంది.

మా రోజుల్లో ఈ కంప్యూటరు లేదు. పైన ఒకడు తాడు పట్టుకుని కూర్చునేవాడు, లాగుడు సంజ్ఞలతోనే మాటలు. గాలి తగ్గితే పీల్చడం బరువయ్యేది, అప్పుడు రిజర్వు తెరుచుకుని పైకి రావాలి. ఇప్పుడు మీటరు చూసుకుంటే గాలి ఎంతుందో, ఎంత లోతులో ఉన్నామో తెలిసిపోతుంది. పాత పుస్తకాల్లో నిమిషానికి 18 మీటర్ల చొప్పున పైకి రావచ్చని ఉండేది. ఇప్పుడు 9 మీటర్లు మించవద్దంటారు, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగమంటారు. సామాను మారిందని అందరికీ కనబడుతుంది, లెక్క మారిందని పాతవాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. అందుకే నౌకాదళం సర్టిఫికెట్టు పక్కన పెట్టి, కొత్తవాడిగానే పేరు రాయించుకున్నాను. బోధకుడు వెంట ఉంటాడు, 12 మీటర్లు దాటనివ్వరు. ఆ కుర్రాడికి మా అబ్బాయి వయసు కూడా లేదు. "అంకుల్, మీరు ఊపిరి బిగబట్టకూడదు" అని నాకే పాఠం చెప్పాడు. బుద్ధిగా విన్నాను. నిజమే మరి. పది మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండా పీల్చిన ఊపిరి బిగబట్టి పైకి వస్తే అదే గాలి రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరితిత్తులు ఎక్కడినుంచి ఇస్తాయి?

కనుక నేను చేసిన ఏర్పాటు ఇది. ఒంటి కొలతకు సంబంధించినవి సొంతంగా కొన్నాను: మాస్కు, మేజోళ్లు. ప్రాణం ఆధారపడే సిలిండరు, రెగ్యులేటరు, జాకెట్టు అద్దెకు తీసుకున్నాను, వాటి సర్వీసు పుస్తకం అడిగి చూసి మరీ. ఏడాదికి ఒకటి రెండుసార్లు దిగేవాడు వాటిని కొని, ఏటేటా సర్వీసు చేయించడం మన పెన్షనుకు తగ్గ పని కాదు. నెలకు రెండుసార్లు దిగే మా మనవరాలు రెగ్యులేటరు సొంతంగా కొనుక్కుంది, ఆ లెక్క వేరు.

మాస్కు ఎంచుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. పట్టీ తలకు తగిలించకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లిగా గాలి పీల్చాలి. చెయ్యి వదిలినా అంటుకుని నిలిస్తే అది మీ ముఖానికి సరిపోయినట్టు. నేను తొమ్మిది మాస్కులు పెట్టి చూశాను, ఏదీ నిలవలేదు. దోషం మాస్కుది కాదు, నా మీసానిది. యాభై ఏళ్ల మీసం! కింద అంచు కొద్దిగా కత్తిరిస్తే పదోది నిలిచింది. ఈతకొట్టేవాళ్ల కళ్లద్దాలు దీనికి పనికిరావు. ముక్కు లోపల ఉండే మాస్కే కావాలి, లోతుకు పోయేకొద్దీ ముక్కుతో కాస్త గాలి వదలకపోతే కళ్లచుట్టూ పీడనం పట్టేస్తుంది. కొత్త మాస్కు అద్దానికి లోపల కనబడని పొర ఉంటుంది. పళ్లపొడి కాకుండా పేస్టుతో రుద్ది కడిగితే మంచు పట్టదు.

ఇక కళ్లు. నాకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషను అయింది. దూరం బాగా కనబడుతుంది, చదవాలంటే అద్దాలు కావాలి. నీళ్లలో వస్తువులు మూడోవంతు పెద్దవిగా కనబడతాయి గనుక సరిపోతుందేమో అనుకుంటాం. మీటరు మీద అంకెలు నాకు ఆనలేదు. గాలి ఎంత మిగిలిందో చదవలేనివాడు నీటి అడుగున గుడ్డివాడితో సమానం. అందుకని మాస్కు అద్దం కింది భాగంలో చదువుకునే పవరు బిళ్లలు పెట్టించాను. మొత్తం ఖర్చులో నాకు ఎక్కువ పనికొచ్చింది ఇదే. ఆపరేషను అయిన ఎన్నాళ్లకు దిగవచ్చో మాత్రం కంటి డాక్టరునే అడగాలి.

పళ్లు కూడా చూసుకోవాలి, నవ్వకండి. రెగ్యులేటరును పళ్లతో పట్టుకోవాలి. తీసిపెట్టుకునే కట్టుడుపళ్లు నీళ్లలో ఊడితే గొంతుకు అడ్డంపడే ప్రమాదం. డెంటిస్టుకు ఈ సంగతి చెప్పి అడగండి.

వెట్‌సూటు మూడు మిల్లీమీటర్లది మన సముద్రానికి చాలు. కొలత కొత్తగా తీయించుకోవాలి, నడుము పాతది కాదు. ఒంటిలో కొవ్వు పెరిగితే తేలడమూ పెరుగుతుంది, నడుముకు కట్టే సీసపు బరువుల లెక్క మారుతుంది. పాత డైరీలో రాసుకున్న బరువు పనికిరాదు, ఆరోజు నీళ్లలో తేలి చూసి కట్టుకోవాలి. నిండు సిలిండరు పదిహేడు కిలోలుంటుంది. నా మోకాళ్లు దానితో పడవమీద నిలబడనన్నాయి. అడిగితే సెట్టు ముందు నీళ్లలో తేలవేసి, నన్ను దిగాక తొడిగారు. అడగడానికి మొహమాటపడవద్దు. ఫిన్స్ కూడా మెత్తనివి అడిగాను. గట్టివి వేగానికి, మెత్తనివి మోకాళ్లకు.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం దిగాము. ఎనిమిది మీటర్లు, ఇరవై నిమిషాలు. నీళ్లు మరీ తేటగా లేవు. రాళ్ల సందుల్లో పసుపుచారల చేపలు గుంపుగా వెళ్లాయి, నా మనవరాలు వాటిని వేలితో లెక్కపెట్టింది. ఓడ అడుగు తప్ప ఏమీ చూడని డైవరును నేను. చేపల్ని చూడడానికి దిగడం అదే మొదలు. పైకి రాగానే ఆ అమ్మాయి మా ఆవిడకు ఫోను చేసి ఇచ్చింది. "అన్నం తిన్నారా?" అని మాత్రమే అడిగింది ఆవిడ. గొంతు మామూలుగా లేదు.

పిల్లలతో అండమాను, విశాఖ వెళ్లేవారికి రెండు ముక్కలు. డైవింగు చేసినరోజే విమానం ఎక్కవద్దు. ఒక్కసారి దిగితే 12 గంటలు, ఎక్కువసార్లు దిగితే 18 గంటలు కనీసం ఆగాలి. మేము రైల్లో తెనాలి వచ్చి రేపల్లె బండి పట్టుకున్నాం గనుక ఆ బెడద లేకపోయింది. పడవలో ప్రాథమిక చికిత్సకు ఆక్సిజన్ ఉందా, రీకంప్రెషను ఛాంబరు దగ్గరలో ఎక్కడుంది అని డబ్బు కట్టకముందే అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునేవాడితో వెళ్లవద్దు.

నా మాస్కు ఇదిగో ఈ బల్లమీద పెట్టాను. టిఫిను బ్రేకులో ఎవరైనా ముఖానికి ఆనించి చూడవచ్చు. మీసాలున్నవారు కాస్త ఓపిక పట్టండి. కింది బిళ్లల్లోంచి సంఘం కరపత్రంలోని చిన్నక్షరాలు చదివి చూడండి, ఎలా కనబడుతుందో తెలుస్తుంది.