రాజునకు మరణదండన విధించిన వేల్సు నాయకుడు జాన్ జోన్సు



"రాజు తలచిన దెబ్బలకు కొదువా?" యని మన పెద్దలు చెప్పిన సామెత. రాజు కొట్టినచో పడవలసినదే కాని, ఏల కొట్టితివని యడుగువాడు లేడని దాని భావము. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పూర్వులు నిజాము కాలమున ఈ సామెతను చెప్పుకొనుటయే గాక, ఒడలితో ననుభవించిరి. అట్టి రాజును న్యాయస్థానమున నిలబెట్టి, నేరము మోపి, శిక్ష విధించిన సంఘటన 1649వ సంవత్సరమున ఇంగ్లండులో జరిగెను. ఆ శిక్షాపత్రముపై సంతకము చేసినవారు 59 మంది. వారిలో వేల్సు దేశీయుడగు జాన్ జోన్సు ఒకడు. అతని జీవితము మనకు తెలియదగినది.

వేల్సు ఇంగ్లండునకు పడమట నున్న కొండల సీమ. అచటి జనుల భాష వేరు. 1536లో చేసిన చట్టముచే వేల్సు ఇంగ్లండున చేర్చబడినప్పుడు, న్యాయస్థానములలో ఇంగ్లీషు భాషయే వాడవలెనను నియమము కలిగెను. తన ఊరి తగవు తీర్పును తనకు రాని భాషలో వినవలసిన గతి వేల్సు రైతునకు పట్టెను. ఈ గతి మన తాతలకును తెలిసినదే. నిజాము రాజ్యమున కచేరీ భాష ఉర్దూ. 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని థియేటరులో జరిగిన సభయందు ఆలంపల్లి వేంకటరామారావు గారు తెలుగున మాటాడబోగా సభలోనివారు గేలి చేసిరి. ఆ అవమానము నుండియే ఆంధ్ర జనసంఘము పుట్టెను.

జాన్ జోన్సు 1597 ప్రాంతమున మెరియొనెత్ సీమలో, హార్లెక్ కోటకు చేరువనున్న మైసగార్నెద్ అను కొండపల్లెటూరి గృహమున జన్మించెను. వారిది కొద్దిపాటి భూవసతి గల కుటుంబము. జ్యేష్ఠుడు కాకపోవుటచే ఆస్తి అతనికి రాలేదు. కావున పొట్టచేత పట్టుకొని లండను నగరమునకు పోయి, మిడిల్టన్ అను సంపన్నమైన వేల్సు కుటుంబము కొలువున చేరెను. ఆ కుటుంబీకుడగు సర్ హ్యూ మిడిల్టన్ 1613లో కాలువ త్రవ్వించి లండను ప్రజలకు త్రాగునీరు తెచ్చిన ప్రసిద్ధుడు. సేవకుడుగా వారి యింట ప్రవేశించిన జోన్సు, కాలక్రమమున లోకజ్ఞానమును, పరిచయములను సంపాదించెను. మతవిషయమున అతడు ఆడంబరములను నిరసించు ప్యూరిటను పక్షమువాడు. వేల్సు భాషలో గొప్ప గద్యకర్తగా పేరొందిన మోర్గన్ లూయిడ్ అతనికి ఆప్తమిత్రుడు.

ఆనాటి ఇంగ్లండు రాజు మొదటి చార్లెసు. రాజు దైవమునకు దక్క మనుష్యులకు జవాబుదారి కాడని అతని నమ్మకము. 1629 మొదలు 1640 వరకు 11 సంవత్సరములు పార్లమెంటును పిలువకయే పాలించెను. రేవుపట్టణములు యుద్ధకాలమున ఓడల కొరకు చెల్లించు పన్నును, సముద్రము చూచి యెరుగని లోపలి సీమలపై గూడ వేసెను. తుదకు 1642లో రాజునకును పార్లమెంటునకును యుద్ధము పుట్టెను. వేల్సులో అధికభాగము రాజపక్షమున నిలిచినను, జోన్సు పార్లమెంటు సేనలో చేరి, పదాతిదళమున కాప్టెనుగా నుండి, పిదప అశ్వదళమున కర్నలు పదవిని పొందెను. 1647 మార్చిలో హార్లెక్ కోట పార్లమెంటు సేనకు లోబడెను. ఆ యేడే జోన్సు మెరియొనెత్ ప్రతినిధిగా పార్లమెంటున ప్రవేశించెను.

1648 డిసెంబరులో సైన్యము పార్లమెంటు వాకిట నిలిచి, రాజుతో సంధి కోరు సభ్యులను లోనికి రానీయలేదు. మిగిలిన సభ్యులు రాజును విచారించుటకు 135 మందిని నియమించిరి. వారిలో పలువురు భయము చేతనో, మనస్సొప్పకయో ముఖము చాటు చేసిరి. జోన్సు వెనుదీయలేదు. 1649 జనవరి 20న వెస్టుమినిస్టరు హాలున విచారణ ఆరంభమయ్యెను. "ఏ యధికారముచే నన్ను విచారింతురు?" అనియే చార్లెసు మరల మరల ప్రశ్నించెను, ఆరోపణలకు బదులు చెప్పుట కంగీకరింపలేదు. 27న తీర్పు వెలువడెను. 30న వైట్ హాల్ వీధిలో, ప్రజలు చూచుచుండగా, రాజు శిరస్సు ఖండింపబడెను.

ఇచట న్యాయము తప్పకుండ చెప్పవలసిన మాట యొకటి కలదు. రాజు చేసిన అన్యాయములు నిజమే. కాని అతని ప్రశ్నయు పొల్లు కాదు. సైన్యము సగము సభను వెళ్ళగొట్టిన పిదప మిగిలినవారు ఏర్పరచిన న్యాయస్థానమది. చట్టమునకు రాజు లోబడవలెనని చెప్పదలచినవారే చట్టమును ప్రక్కకు నెట్టవలసి వచ్చెను. ఆ లోపము తరువాతి కథ నంతయు వెన్నాడెను.

1649 మార్చిలో రాజరికమును రద్దు చేసిరి. 1650లో జోన్సు ఐర్లండు పాలనకై నియమింపబడిన కమిషనర్లలో ఒకడయ్యెను. అచట అతని మొదటి భార్య మార్గరెట్ మరణించెను. ఆ పాలనమున కాథలికు మతస్థుల భూములు లాగుకొనబడెను. పెక్కుమందిని పడమటనున్న కొనాక్టు సీమకు తరిమిరి. స్వదేశమున నిరంకుశత్వమును సహింపని మనుజుడే పరాయి గడ్డపై నిరంకుశ పాలనమున పాలుపంచుకొనెను. 1653 డిసెంబరులో ఆలివర్ క్రాంవెల్ లార్డు ప్రొటెక్టరను బిరుదుతో కిరీటము లేని రాజయ్యెను. జోన్సు మొదట దానిని హర్షింపలేదు. ఐనను 1656లో క్రాంవెల్ సోదరి, విధవయగు కాథరీనును వివాహమాడి, పిమ్మట క్రాంవెల్ ఏర్పరచిన పైసభలోను కూర్చుండెను.

1658లో క్రాంవెల్ మరణించెను. అతని కుమారుడు రిచర్డు ఏడాదియైన నిలువలేకపోయెను. 1660 మే నెలలో చంపబడిన రాజు కుమారుడు రెండవ చార్లెసు లండను ప్రవేశించెను. జనులు గంటలు మ్రోగించి యెదురేగిరి. తండ్రి మరణపత్రముపై సంతకము చేసినవారిలో కొందరు ఐరోపాకును, కొందరు సముద్రముల కావల అమెరికాకును పారిపోయిరి. జోన్సు పోలేదు. జూన్ నెలలో లండను చెంత ఫిన్స్ బరీ మైదానమున నడచుచుండగా పట్టుబడెను. అక్టోబరు 12న విచారణమునందు తాను ఆ న్యాయస్థానమున కూర్చుంటినని దాచక యొప్పుకొనెను. దురుద్దేశముతో మాత్రము చేయలేదనెను. అక్టోబరు 17న, అరువది దాటిన యా వృద్ధుని, ఏడ్రియన్ స్క్రోపు అను మరియొక వృద్ధునితో కలిపి ఈడ్పుబండిపై చేరింగ్ క్రాసునకు తెచ్చి, ఉరిదీసి, శరీరమును ఖండములు చేసిరి. ఒక రాజు మరణమునకు మరియొక రాజు చెల్లించిన బదులది.

అట్లైన జోన్సు సంతకము వ్యర్థమయ్యెనా? పూర్తిగా కాదు. 1689లో ఇంగ్లండు పార్లమెంటు హక్కుల చట్టమును చేసెను. పార్లమెంటు సమ్మతి లేక రాజు పన్ను వేయరాదు, చట్టమును నిలుపరాదు అని అందు స్పష్టముగా వ్రాసిరి. గొడ్డలి 11 ఏండ్లు మాత్రము నిలుపగలిగిన దానిని ఆ శాసనము శతాబ్దములు నిలిపెను.

ఇక మన వైపు చూతము. నిజాము రాజ్యమున సభకు అనుమతి, గ్రంథాలయమునకు అనుమతి యని ఆంక్షలుండిన దినములలో, 1935లో సిరిసిల్లయందు మాడపాటి హనుమంతరావు గారి యధ్యక్షతను నాల్గవ ఆంధ్ర మహాసభ జరిగెను. 1947 డిసెంబరు 4న నారాయణరావు పవార్ హైదరాబాదులో నిజాము కారుపై బాంబు విసరెను. నిజామునకు గాయము కాలేదు. పవారునకు మరణశిక్ష పడినను, సంస్థానము భారతదేశమున చేరిన పిదప అతడు విడుదల పొందెను. 1948 సెప్టెంబరు 17న నిజాము లొంగిపోయెను. అతనిని ఎవరును బోనులో నిలుపలేదు. 1950 నుండి 1956 వరకు రాజప్రముఖుడుగా నుండి, 1967లో తన యింట కన్నుమూసెను.

రాజు పోయెను. కాని గ్రామములలో దొర గడీ పోలేదు. వెట్టిని, దొరల పెత్తనమును ఎదిరించి 1978 సెప్టెంబరు 7న వేలకొలది రైతులు, కూలీలు జగిత్యాలలో జైత్రయాత్ర జరిపిరి. అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతములుగా ప్రకటించెను. రాజ్యాంగము అమలునకు వచ్చి 28 ఏండ్లు గడచిన పిదప జరిగిన విషయమిది. పుస్తకములోని హక్కు గడప దాటి ఇంటిలోనికి వచ్చుటకు ఇంతకాలము పట్టినది. కొందరి ఇండ్లకు ఇంకను రాలేదు.

జాన్ జోన్సు తాను వ్రాసిన సంతకమునకు ప్రాణము చెల్లించెను. మన పల్లెలలో చదువు రాని పెద్దలు, ఏమున్నదో తెలియని కాగితములపై వ్రేలిముద్ర వేసి భూములను చెల్లించిరి. ఈ రెంటి నడుమ నున్నది చదువు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము తలుపు తెరచుచున్నది అందుకే. ఇచట పత్రిక చదివిన పడుచువాడు రేపు కచేరీలో తన తాత చేతికిచ్చిన కాగితమును తీసికొని, చదివి, "ఇది యేల?" యని యడుగగలిగిన నాడు, ఆ పాత సామెతకు ఊరిలో పని యుండదు. ఈ గ్రంథాలయము చిరకాలము వర్ధిల్లుగాక!