ఒక్క సంతకం, ఏడు మండలాలు

(ఏలూరులో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రపతి అంటే రబ్బరు స్టాంపు అంటారు. ఆ మాట కుక్కునూరు, వేలేరుపాడు పోయి అనండి. ఇప్పుడవి మీ ఏలూరు జిల్లా మండలాలు. 2014 మే దాకా ఖమ్మం జిల్లావి. అక్కడి గిరిజనం ఇల్లు కదల్లేదు, రాష్ట్రమే మారిపోయింది.

విభజన చట్టంలో పోలవరం ముంపు గ్రామాలను మాత్రమే ఆంధ్రకు ఇచ్చారు. 2014 మే 26న కొత్త ప్రభుత్వం వచ్చింది. 28న కేబినెట్ తీర్మానం, 29న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆర్డినెన్స్. ముంపు ఊళ్లే కాదు, భద్రాచలం పట్టణాన్నీ, బూర్గంపాడులో కొన్ని ఊళ్లనూ వదిలేసి ఏడు మండలాలు ఇవతలికి వచ్చాయి.

ఆర్డినెన్స్ ఎప్పుడు ఇవ్వాలి? పార్లమెంటు నడవనప్పుడు, ఆగలేని అవసరం ఉంటే ఇవ్వొచ్చని 123వ అధికరణం చెబుతోంది. సభలు మళ్లీ కూర్చున్న ఆరు వారాల్లో ఆమోదించకపోతే అది చెల్లదు. మరి కొత్త లోక్‌సభ ఎప్పుడు కూర్చుంది? జూన్ 4న. అంటే ఆరు రోజులు ఆగలేకపోయారు! ఎందుకంటే మధ్యలో జూన్ 2 ఉంది. ఆ రోజు దాటితే తెలంగాణ ఒక రాష్ట్రం, దానికో అసెంబ్లీ. హద్దులు మార్చే బిల్లు తేవాలంటే 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి దాన్ని ఆ అసెంబ్లీకి పంపి అభిప్రాయం అడగాలి. తొందరకు నాకు కనిపించే కారణం ఇదే.

అడిగితే ఏమొస్తుందని మీరనొచ్చు. నిజమే, అసెంబ్లీ మాటకు పార్లమెంటు కట్టుబడనక్కర్లేదని సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. అయినా 2013 డిసెంబర్‌లో ఇదే ప్రణబ్ విభజన బిల్లును హైదరాబాద్ అసెంబ్లీకి పంపారు. ఆరు వారాలిచ్చారు, చాలదంటే ఇంకో వారం పెంచారు. 2014 జనవరి 30న అసెంబ్లీ తిప్పికొట్టింది. పార్లమెంటు ఎలాగూ పాస్ చేసింది, కానీ అడిగారు. చర్చ జరిగింది, లోకమంతా విన్నది. నాలుగు నెలలకే ఆ అడగడం కూడా పోయింది.

రాష్ట్రపతి ఏం చేయగలరు, మంత్రివర్గం చెప్పినట్టు సంతకం పెట్టడం తప్ప? 44వ సవరణ ఒక దారి ఇచ్చింది. పునరాలోచించమని ఒకసారి వెనక్కి పంపొచ్చు. 1997లో ఉత్తరప్రదేశ్, 1998లో బీహార్ రాష్ట్రపతి పాలన సిఫార్సులను కె.ఆర్. నారాయణన్ అట్లాగే పంపారు. మన తెలుగాయన నీలం సంజీవరెడ్డి 1979 ఆగస్టులో పార్లమెంటును ఒక్కసారీ ఎదుర్కోని చరణ్‌సింగ్ సలహాపై లోక్‌సభనే రద్దు చేశారు. స్టాంపు అనుకున్న చేతిలో ఇంత ఉంది మరి!

ఆర్డినెన్స్ స్థానంలో బిల్లు 2014 జూలై 11న లోక్‌సభలో, 14న రాజ్యసభలో గట్టెక్కింది. అప్పటికి తెలంగాణ అసెంబ్లీ ఉంది. దాన్ని అడగలేదేమని తెలంగాణ, ఒడిశా ఎంపీలు లేచి అడిగారు. గొడవలోనే పాసైపోయింది.

పోలవరం కావాలని మీరు కోరడంలో తప్పులేదు. తాడేపల్లిగూడెం చేలకైనా, కొల్లేటి దిగువకైనా నీళ్లే ప్రాణం. ఆ నీళ్ల కోసం ఇల్లు వదిలే కోయవాళ్ల సంగతి నేను అడుగుతున్నాను. 2022 జూలై వరదల్లో కుక్కునూరు, వేలేరుపాడు ఊళ్లు మునిగాయి. పరిహారం, పునరావాసం కోసం వాళ్లు పట్టుకోవాల్సిన కలెక్టరాఫీసు ఇప్పుడు మీ ఊళ్లోనే ఉంది. ఉద్యోగ మిత్రులు ఆ ఫైళ్లు ఏ బల్ల మీద ఆగాయో చూడండి.