మన రాతకు మనమే అర్జీదారులం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పదవీ విరమణ తర్వాత పింఛను నిబంధనల మీద నేనొక చిన్న పుస్తకం రాసి, సొంత ఖర్చుతో అచ్చు వేయించిన సంగతి మీకు తెలుసు. కిందటేడు మా మనవరాలు ఫోను చూస్తూ, "తాతయ్యా, నీ పుస్తకమంతా ఇంటర్నెట్‌లో ఉంది. అట్ట మీద మాత్రం వేరేవాళ్ల పేరుంది" అంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పోయింది డబ్బు కాదు, పేరు.

"నా పుస్తకం దొంగిలించారు, వెంటనే తీసేయండి" అని కోపంగా రెండు ముక్కలు రాసి పంపాను. వివరాలు చాలవని జవాబు వచ్చింది. 34 ఏళ్లు ఆఫీసులో వివరాలు లేని అర్జీలు తిప్పి పంపిన నాకు, నా అర్జీయే తిరిగొచ్చింది!

అందుకే పద్ధతి మనవి చేస్తాను. ఫిర్యాదు మన ఇంటికి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చినవారికి కాదు, ఆ కాపీని తమ కంప్యూటర్లలో నిల్వ ఉంచిన సంస్థకు పంపాలి. మన 1957 కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. 2013 నియమావళిలో 75వ నియమం ఫిర్యాదులో ఏముండాలో చెబుతుంది. రచన ఏది, హక్కు మనదేననడానికి ఆధారమేది, కాపీ ఉన్న పూర్తి లింకు ఏది, అది చట్టం అనుమతించే వాడకం ఎందుకు కాదు అన్నవి రాయాలి. కోర్టులో దావా వేసి 21 రోజుల్లో ఉత్తర్వు తెస్తామని హామీ కూడా ఇవ్వాలి. ఫిర్యాదు సబబని తోస్తే సంస్థ 36 గంటల్లో ఆ కాపీ ఎవరికీ అందకుండా చేయాలి. గడువులో ఉత్తర్వు రాకుంటే మళ్లీ పెట్టవచ్చు. కనుక వకీలును అడగకుండా సంతకం చేయకండి.

నా విషయంలో సంస్థ అమెరికాది. అక్కడి 1998 చట్టం ప్రకారం ముందుగా కోర్టు హామీ అక్కర్లేదు. కానీ హక్కుదారుణ్ణని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అబద్ధమైతే శిక్ష ఉంటుంది. పుస్తకంలోని జీ.ఓ.లు ప్రభుత్వానివి, వాటిని వదిలేశాను. నా వివరణలు, లెక్కలు మాత్రమే నావని రాశాను. మా ఇంటావిడ ట్రంకుపెట్టెలో దాచిన ప్రెస్సు బిల్లు నకలు జతచేశాను. తొమ్మిదో రోజున ఆ పుట కనిపించలేదు.

కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత మరణానంతరం 60 ఏళ్లు హక్కు ఉంటుంది. కనుక రాతప్రతులు, ప్రెస్సు బిల్లులు జాగ్రత్త చేయండి, పిల్లలకు చూపించండి. రేపు అర్జీ పెట్టవలసింది వారే.