రణనిహతుల స్మరణము
(పఠనమందిర సభలో చేసిన ప్రసంగము)



యుద్ధమున గూలినవారిని ఏటేట స్మరించు ఆచారము పాశ్చాత్యులవలన మనకు సంక్రమించినదని విద్యావంతులలో కొందఱు తలంచుచున్నారు. నవంబరు 11వ తేదీ, రెండు నిమిషముల మౌనము, ఎఱ్ఱని గసగసాల పువ్వు, పేర్లు చెక్కిన రాతిగోడ, ఇవియే వారి దృష్టిలో వీరస్మరణము. ఆ మౌనము 1919లో నారంభమైనది. అంతకు బూర్వము మనవారికి తమ మృతవీరులు జ్ఞప్తికి రాకుండిరా? నేడు పలు జిల్లాలుగా విభక్తములైన మన కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల నుద్దేశించియే ఈ ప్రశ్నను విచారింపవలెనని మా సంకల్పము.

ముందు పంచాంగమును జూతము. మన ప్రాంతమున పెత్తరమాస నెఱుగని యిల్లు లేదు. ఆనాడు పెద్దల పేర బియ్య మిత్తుము. సాయంకాలము ఆడపడుచులు ఎంగిలిపూల బతుకమ్మ నాడుదురు. కాని ఆ అమావాస్యకు ముందునాటి చతుర్దశిని గూర్చి తెలిసినవారు కొలదిమందియే. మహాలయపక్షమున నా తిథి శస్త్రహతులకు, అనగా ఆయుధముచే మరణించినవారికి, ధర్మశాస్త్రకారులు ప్రత్యేకించి యుంచినది. మాఘ శుద్ధాష్టమియు నట్టిదే. ఆనాడు భీష్మునికి తర్పణము విడుచుట కలదు. భీష్మునకు సంతానము లేదు. కనుక నెవ్వరికిని తండ్రి కాని యా వీరునకు అందఱును నీళ్లు విడువవలెనని పెద్దలు విధించిరి. యుద్ధమున గూలినవాడు ఒక్క కుటుంబమువాడు కాడు, జనులందఱివాడు అను భావ మిందు స్పష్టముగా నున్నది గదా!

తిక్కన సోమయాజి తెనిగించిన భారతమున స్త్రీపర్వమును జదువుడు. యుద్ధము ముగిసినది, స్త్రీలు రణభూమికి వచ్చి తమవారి దేహములను వెదకికొనుచున్నారు. ధర్మరాజు తన పక్షమువారి కనియు, ఎదిరి పక్షమువారి కనియు భేదము పాటింపక, దిక్కులేని పరదేశపు యోధులకు సైతము దహనసంస్కారములు జరిపింప నాజ్ఞాపించెను. పిదప గంగాతీరమున తర్పణములు విడుచువేళ కుంతి నోరు విప్పి, కర్ణుడును మీ యన్నయే, వానికిని నీళ్లు విడువుడని చెప్పినది. అన్నాళ్లు దాచిన పేరు ఆ సమయమున దాచరానిదైనది. గ్రీకుదేశమున ఏథెన్సు పురవాసులును క్రీ. పూ. 431లో తమ మృతుల యస్థికలను పేటికలలో నూరేగించుచు, దొరకనివారికై ఒక శూన్యశయ్యను మోసికొనిపోయి రని తూసిడిడీసు వ్రాసినాడు. 1920 నవంబరు 11న లండనులోను, పారిసులోను అజ్ఞాతసైనికుని సమాధి నేర్పఱచినవారు ఆ ప్రాచీన శూన్యశయ్యకే రాతిరూపమిచ్చి రనవచ్చును.

ఇక మన యూళ్ల పొలిమేరలకు వత్తము. వీరగల్లు లని పండితులు చెప్పెడి శిలలు దక్కను అంతటను గలవు. అడుగు భాగమున కత్తి డాలు పూనిన వీరుడు పోరుచుండును. ఆ పైన అప్సరసలు వానిని స్వర్గమునకు గొనిపోవుదురు. అన్నిటికి మీద శివలింగము, కొనయందు సూర్యచంద్రులు. అన్ని శిలలును ఇంత వివరముగా నుండవు. కొన్నిట నొక్క మనిషి, యొక్క కత్తి, అంతియే. ఇవి మహారాజులకు మాత్రమే నిలిపినవి కావు. దొంగలు తోలుకొనిపోవు పశువుల మందకై తిరుగబడి చచ్చిన పల్లెవానికిని రాయి నిలిపిరి. నేటి జనులలో పలువురు ఆ రాతికి పసుపు కుంకుమలు పెట్టి ఏదో యొక దేవుని పేర గొలుచుచున్నారు. కొన్నిచోట్ల నది మెట్టుగానో, బట్టలుదుకు బండగానో మాఱినది. పూజ యందినది బ్రదికినది, కాని పేరు పోయినది. పూజ యందనిది రెంటికిని చెడినది.

విజితుల స్మరణము విజేతల శాసనముకంటె గట్టిదని నిరూపింప మన సీమలోనే నిదర్శనము గలదు. జగిత్యాలకు సమీపమున పొలాస యున్నది. పూర్వము దానిని పొలవాస యనిరి. కాకతి రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభముల గుడియందు శాసనము వేయించి, తాను గెలిచినవారిలో నీ పొలవాస మేడరాజును బేర్కొనెను. ఆ శాసనమును జదువుటకు ఎందఱు పోవుచున్నారు? మేడరాజు బిడ్డగా కథలో వినవచ్చు సమ్మక్కకును, ఆమె కూతురు సారలమ్మకును మ్రొక్కుటకు రెండేండ్ల కొకసారి మాఘ పూర్ణిమ వేళ లక్షలాది జనులు మేడారము చేరుచున్నారు. కాకతీయ సేనతో పోరి గూలిన కోయ వీరుల కథ అది. జంపన్న పడిన వాగు జంపన్నవాగే యైనది. కథలో శత్రువు ప్రతాపరుద్రు డందురు. అతడు రాజ్యమునకు వచ్చినది 1289లో. మేడరాజు నోటమి మాట 1163 నాటిది. కాలము పొసగదని చరిత్రకారులు వాదింతురు, వాదింపనిండు. కుంకుమభరిణె రూపమున గుట్ట దిగి వచ్చు తల్లికి నిలువెత్తు బంగారమని బెల్లము తూచి యిచ్చువారికి ఆ లెక్కతో పని లేదు. కరీంనగరము చెంత రేకుర్తిలోను ఈ జాతర జరుగుచున్నది. పల్నాటిలో కారంపూడియందు కార్తికమాసమున వీరుల ఆయుధములను బూజించు నుత్సవమును ఈ జాతిదే.

నిర్మలలో గోండు నాయకుడు రాంజీ, రోహిల్లాలతో గలసి ఆంగ్లేయ, నైజాము సేనల నెదిరించి 1860లో పట్టువడెను. వానిని, వాని యనుచరులను ఒక మఱ్ఱిచెట్టున నురిదీసిరి. వేయిమంది యని జనశ్రుతి. చెట్టునకు ‘వేయి ఉరుల మఱ్ఱి’ యని పేరు వచ్చినది; అందు రాంజీ పేరు దక్క తక్కినవారి పేర్లు మనకు దక్కలేదు. వేయి యను సంఖ్యయే వారి సమాధి యైనది.

జోడేఘాటు సంగతి వేఱు. కొమరం భీము 1940లో అడవి భూములకై పోరుచు నిహతుడయ్యెను. ఆంగ్లమానమున తేదీని గ్రంథకర్త లొక్కొక్క రొక్కొక్క తీరుగా వ్రాసిరి. గోండులు మాత్రము ఆశ్వయుజ పూర్ణిమను విడువలేదు. ఏటేట నానాడే జోడేఘాటున గూడుచున్నారు. ఆ తిరుగుబాటు పిమ్మట గోండుల స్థితిగతులను విచారించుటకు నైజాము ప్రభుత్వము హైమెన్‌డార్ఫు పండితుని నియోగించెను. 2016లో నేర్పడిన యొక జిల్లాకు భీము పేరే పెట్టబడినది. హుస్నాబాదు ప్రాంతమున మహమ్మదాపురము గుట్టలలో 1948 మార్చి 14న అనభేరి ప్రభాకరరావును, ఆయన సహచరులును నైజాము బలగములతో పోరి ప్రాణములు విడిచిరి. ఇంద్రవెల్లిది యుద్ధము కాదు, సభ. అయినను 1981 ఏప్రిలు 20న పోలీసుల తుపాకికి బలియైన గోండులకు స్తూపము వెలసినది. అది 1986లో కూల్చబడెను. తరువాత ప్రభుత్వపు గిరిజనాభివృద్ధి సంస్థయే దానిని మరల గట్టించెను. మృతులు పదుమువ్వు రని ప్రభుత్వము, పెక్కు రెట్లని జనులు. రాయి మరల నిలిచినది, లెక్క మాత్రము తేలలేదు.

పరుల యుద్ధమున బోయినవారి మాట కూడ చెప్పవలయును. మొదటి ప్రపంచ సంగ్రామమున హైదరాబాదు రౌతులు జోధపురము, మైసూరు రౌతులతో నొకే దళమున చేరి ఈజిప్టు, పాలస్తీనాలలో నుండిరి. 1918 సెప్టెంబరు 23న హైఫాపై దాడి సాగించినవారు ముఖ్యముగా తక్కిన యిరువురు; అయినను 1922లో ఢిల్లీలో నిలిపిన మూడు విగ్రహములలో నొకటి హైదరాబాదుది. ఇండియాగేటు 1931లో ఆవిష్కృతమైనది. దానిపై పదుమూడు వేలకు పైగా పేర్లున్నవి. సామ్రాజ్యము తన కొఱకు చచ్చినవారి పేర్లను లెక్కతో చెక్కించెను. స్వతంత్ర భారతము తన సైనికులకు అట్టి పేర్లగోడను గట్టుకొనుటకు 2019 ఫిబ్రవరి 25 వఱకు జాగు చేసినది. అందు ఇరువదియైదు వేలకు మించిన పేర్లు గలవు. ఈ యాలస్యమునకు మేము సిగ్గుపడుచున్నాము.

రాతిపని మనకు గొఱత కాలేదు, పూజయు గొఱత కాలేదు, కొఱతవడినది వ్రాతపని. పఠనమందిరములు వ్రాతకొఱకు వెలసినవి గావున ఈ సభవారి కొక్క మనవి చేయుచున్నాము. మీ మీ యూళ్లలో వీరగల్లు ఎచట నున్నదో, దానిపై నేమి చెక్కి యున్నదో, ముసలివారు దానినిగూర్చి యేమి చెప్పుదురో ఒక పుస్తకమున నెక్కింపుడు, ఛాయాపటము తీయుడు, మెట్టుగా బడియున్న రాయి నెత్తి నిలబెట్టుడు. సరిహద్దుకు బోయి తిరిగిరాని సైనికుడు, గుట్టలలో గూలిన తిరుగుబాటుదారు, పల్లె పశువులకై చచ్చినవాడు, ఎవరైనను సరే, తెలిసినంతవఱకు పేరు, ఊరు, తండ్రిపేరు, మరణించిన తిథి వ్రాయుడు. తెలియనిచోట గీత గీసి వదలుడు, కల్పింపకుడు. రాబోవు పెత్తరమాసకు ముందునాడు, శస్త్రహతుల చతుర్దశి సాయంకాలమున, ఈ మందిరముననే ఆ పుస్తకమును తెఱచి మొదటి పేరు నుండి చదువుదము.