అలమారలో ఫ్లాపీలు


అమెరికాలో జోర్డాన్ మెక్‌నర్ 1989లో ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా’ అనే కంప్యూటర్ ఆట తెచ్చాడు. ఆట లోకమంతా ఆడింది. అతను రాసుకున్న అసలు ప్రోగ్రాము మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. 2012లో తండ్రిగారి అలమారలోని పెట్టెలో ఆ ఫ్లాపీలు బయటపడ్డాయి. తండ్రులు ఏదీ పారేయరు కదా!

ఫ్లాపీలోని అయస్కాంతపు రాత కాలక్రమేణా క్షీణిస్తుంది. చదవబోతే పూత రాలిపోనూవచ్చు. అందుకని తెలిసినవారు పాత ఆపిల్ యంత్రాలు సమకూర్చుకుని, ముందు ఉన్నదున్నట్టు నకలు తీశారు. మనం శిథిలమైన రిజిస్టరుకు ట్రూ కాపీ తీసినట్టే. అదే ఏడాది ఆ ప్రోగ్రామును అందరూ చదువుకొనేలా ఇంటర్నెట్‌లో ఉంచారు.

చెదపట్టిన కాగితాన్నయినా కంటితో చదవగలం. ఫ్లాపీకి యంత్రం కావాలి. మీ పిల్లలవి ఇంట్లో ఉంటే పదేపదే డ్రైవులో పెట్టి చూడకండి. పని తెలిసినవారిచేత ఒక్కసారే నకలు తీయించండి.