మన భవనం మీద హాలు: అగ్నిమాపక శాఖ అనుమతి సంగతి

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు ఎజెండాలో మూడో అంశం మన సంఘ భవనం మీద సమావేశ మందిరం కట్టడం. పురపాలక శాఖలో ప్లాన్ల బల్ల దగ్గర చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కాబట్టి దీని మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. విరాళాల లెక్క కోశాధికారిగారు చెబుతారు. నేను చెప్పేది ఒకే ఒక్క కాగితం గురించి. అగ్నిమాపక శాఖవారిచ్చే నిరభ్యంతర పత్రం. వాడుకలో ఫైర్ ఎన్.ఓ.సి. అంటాం.

"ముందు స్లాబు వేసేద్దాం, కాగితాలు తర్వాత చూసుకుందాం" అని కార్యవర్గంలో కొందరు మిత్రులు అంటున్నారు. వారి మీద నాకు గౌరవం ఉంది. చందాలు పోగు చేయడానికి ఎండలో తిరిగినవారు వారే. అయినా ఈ మాటతో నేను ఏకీభవించలేను. ఎందుకో మనవి చేస్తాను.

1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం వచ్చింది. అందులో 13వ సెక్షను ఉంది. వాణిజ్య భవనాలకైతే 15 మీటర్లు, నివాస భవనాలకైతే 18 మీటర్లు అని ఎత్తుకు హద్దులు పెట్టింది. అది విని మనవాళ్లు "అయితే మనకు సంబంధం లేదు, మనది రెండంతస్తులే కదా" అంటారు. కాస్త ఆగాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్లు, ప్రార్థనా మందిరాలు, అంటే జనం గుమికూడే భవనాలకు వేరే కొలత ఉంది. స్థలం 500 చదరపు మీటర్లు గానీ, ఎత్తు 6 మీటర్లు గానీ దాటితే ఎన్.ఓ.సి. కావాలి. ఆ "గానీ" అనే మాటను ఇక్కడ అందరూ చదవకుండా వదిలేస్తారు. రెండూ ఉండనక్కర లేదు, ఒకటి చాలు.

500 చదరపు మీటర్లంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు. మన సంఘం స్థలం ఎనిమిది సెంట్లు. కాబట్టి స్థలంలో తప్పించుకున్నాం. ఎత్తు చూడండి. 6 మీటర్లంటే ఇరవై అడుగులకు కాస్త తక్కువ. మన పునాది గట్టు రెండున్నర అడుగులు, కింది అంతస్తు పదకొండు, పైన వేయదలచిన హాలు పన్నెండు. ఇరవై అయిదున్నర అడుగులు. ఏడున్నర మీటర్లు దాటిపోయింది. సమావేశ మందిరం కాబట్టి మనకు ఎన్.ఓ.సి. కావాలి, అదీ ప్లానును మునిసిపాలిటీకి పెట్టకముందే. చట్టం చెప్పిన వరుస అది. ఈ కొలతలకూ నియమాలకూ ప్రభుత్వం అప్పుడప్పుడు సవరణలు తెస్తూ ఉంటుంది గనుక దరఖాస్తు పెట్టే నాటికి అమల్లో ఉన్న ఉత్తర్వును స్టేషనులో ఒకసారి సరిచూసుకోవడం మంచిది.

ఇక్కడ ఒక పెద్దాయన నాతో అన్నారు: "మనవి రాతి ఇళ్లయ్యా. బేతంచెర్ల నాపరాళ్లు, ఆళ్లగడ్డ రాయి. అవెక్కడ కాలతాయి?" నిజమే, రాయి కాలదు. ఆళ్లగడ్డ శిల్పులు చెక్కిన రాయి మనందరికంటే ఎక్కువకాలం ఉంటుంది. అయితే లోపల ఉండే కుర్చీల స్పాంజీ, తెరలు, ఫాల్స్ సీలింగ్, కరెంటు వైర్ల తొడుగు, ఫ్లెక్సీ బ్యానర్లు, ఇవన్నీ కాలుతాయి. వాటి పొగే మనుషుల్ని చంపుతుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో 59 మంది పోయారు. మంట కింద ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పుట్టింది, జనం పోయింది పైన బాల్కనీలో, ఊపిరాడక. 2025 మే 18న హైదరాబాదు గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో 17 మంది పోయారు, వారిలో ఎనిమిది మంది పిల్లలు. అది కింద దుకాణాలు, పైన కాపురం ఉన్న పాతకాలపు కట్టడం. రాకపోకలకు ఇరుకైన దారి, ఇరుకైన మెట్లు. మన నంద్యాల పాత బజారు సందుల్లో అలాంటి ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు నేను చెప్పనక్కర లేదు.

మెట్ల దగ్గరికి వద్దాం. నా మాటంతా నిజానికి మెట్ల గురించే.

జాతీయ భవన నిర్మాణ నియమావళి అని ఒకటుంది. మొదట 1970లో వచ్చింది, ఆ తర్వాత పలుమార్లు సవరించారు. 2016 సంచికలో నాలుగో భాగం అగ్ని భద్రతకు సంబంధించింది. అందులో భవనాల్ని వాడకాన్ని బట్టి ఏ నుంచి జె వరకు గుంపులు చేశారు (మధ్యలో ఐ అక్షరాన్ని వదిలేశారు, ఒకటి అంకెతో కలిసిపోతుందని కాబోలు). నివాసం ఏ, విద్యాలయాలు బి, ఆసుపత్రులు సి, సభామందిరాలు డి. మన హాలు డి కిందికి వస్తుంది. కదిలే కుర్చీలు వేసి జనం దగ్గరదగ్గరగా కూర్చునే హాలుకు మనిషికి 0.65 చదరపు మీటరు చొప్పున లెక్కగట్టమంటుంది. మన హాలు నలభై అడుగులు, ముప్ఫై అడుగులు. అంటే 111 చదరపు మీటర్లు. భాగిస్తే 170 మంది. లైఫ్ సర్టిఫికెట్ల రోజుల్లో మన దగ్గరికి అంతమందీ వస్తారు, సందేహం లేదు.

170 మంది పట్టే సభామందిరానికి మెట్ల వెడల్పు 2 మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు ఉండాలి. 150 మంది లోపు అయితే 1.5 మీటర్ల వరకు తగ్గించుకోవచ్చు. దిగడానికి కనీసం రెండు దారులు ఉండాలి. మన భవనానికి ఉన్నది ఒక్కటే మెట్ల వరుస, మూడున్నర అడుగులు. ఆ మెట్ల కిందే కరెంటు మీటర్ల బోర్డు. దాని పక్కనే మన సభ్యులు స్కూటర్లు పెడతారు, ఈమధ్య బ్యాటరీ స్కూటర్లకు అక్కడే ఛార్జింగు కూడా పెడుతున్నారు. 2022 సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటలు కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట పుట్టి, పొగ పైకెక్కి, గదుల్లో బస చేసినవారు ఎనిమిది మంది పోయారు. మెట్ల దారి పొగగొట్టంలా పనిచేస్తుంది. దిగవలసిన దారిలోనే పొగ ఎక్కి వస్తుంది.

లిఫ్టు పెట్టిస్తామని ఒక దాత ముందుకొచ్చారు. వారికి కృతజ్ఞతలు. మోకాళ్ల నొప్పులున్న మనకు లిఫ్టు కావలసిందే. కానీ నియమావళిలో లిఫ్టును బయటికి దారిగా లెక్కించరు. మంట పుట్టినప్పుడు కరెంటు పోతే లిఫ్టు మధ్యలో ఆగిపోతుంది. ఇక మిగిలింది మెట్లే. ఈ హాలులో ఉన్నవారి వయసు చూడండి. చేతికర్ర ఉన్నవారు నాకు ఇక్కడి నుంచి ఇరవై మంది కనబడుతున్నారు. మూడున్నర అడుగుల మెట్ల మీద ఒకరి వెనక ఒకరు తప్ప దిగలేం. ముందున్నవారు ఒక్కరు కూలబడితే వెనక అందరూ ఆగిపోతారు.

అందువల్ల నా సలహా ఇది. హాలును పైన కట్టడం ఎందుకు? ఇప్పుడు కింద ఉన్న ఆఫీసు, లైబ్రరీ, అతిథి గది పైకి తీసుకుపోదాం. కింది గోడలు రెండు తీసి హాలు కిందనే చేద్దాం. నేలకు సమానంగా ఒక ర్యాంపు, రెండు వైపులా బయటికి తెరుచుకునే తలుపులు పెడదాం. గోడలు తీయడానికి దూలం వేయాలి, ఇంజనీరు చూడాలి, ఖర్చు కొంత పెరుగుతుంది. ఎత్తు మారదు కాబట్టి ఎన్.ఓ.సి. అప్పుడు కూడా తీసుకోవలసిందే. కానీ 170 మంది కింద ఉంటారు, పైన పదిమంది ఉంటారు. అడిగిన మెట్లు, దారులు చూపించడం తేలికవుతుంది. "పైన హాలు ఉంటే గాలి బాగా వస్తుంది" అన్న మిత్రుడితో నేను వాదించను, గాలి వస్తుంది.

దరఖాస్తు సంగతి త్వరగా చెప్పేస్తాను. మొదట తాత్కాలిక ఎన్.ఓ.సి. ఉంటుంది. స్థలం పత్రాలు, సైటు ప్లాను, ప్రతి అంతస్తు ప్లాను, ఎత్తు చూపే సెక్షను, రోడ్డు వెడల్పు, ఫైరింజను వచ్చే దారి, పెట్టబోయే అగ్నిమాపక పరికరాల వివరం, ఇవన్నీ జతచేసి రుసుము కట్టాలి. ఇప్పుడు దరఖాస్తు కంప్యూటరులోనే పెట్టాలి. మనవళ్లు ఉన్నారు గనుక భయం లేదు. అధికారులు స్థలం చూసి, ఏమేమి పెట్టాలో రాసి ఇస్తారు. నీళ్ల ట్యాంకు ఎంత, పంపు ఏది, హోస్ రీల్ ఎక్కడ, ఎన్ని సిలిండర్లు అన్నది ఆ పత్రంలో ఉంటుంది. కట్టడం అయ్యాక అవన్నీ పెట్టామని మళ్లీ దరఖాస్తు చేస్తే, వచ్చి పరీక్షించి, వాడుకోవడానికి ఎన్.ఓ.సి. ఇస్తారు. దానికి గడువు ఉంటుంది, గడువు తీరేలోగా పునరుద్ధరించుకోవాలి. నంద్యాలలోనూ ఆళ్లగడ్డలోనూ అగ్నిమాపక కేంద్రాలున్నాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యాక ప్రతిదానికీ కర్నూలు బస్సెక్కే బాధ మనకు చాలావరకు తప్పింది.

ముందు కట్టి తర్వాత అడిగితే ఏమవుతుందో ఇప్పుడు తెలుస్తుంది. మెట్లు ఆరున్నర అడుగులు చేయమంటే వేసిన స్లాబు కొట్టాలి. పక్క ఖాళీ చాలదంటే గోడ జరపలేం. అపరాధ రుసుము కట్టి కట్టడాన్ని క్రమబద్ధం చేసుకోవచ్చంటారు కొందరు. రసీదు వస్తుంది, మెట్లు వెడల్పవవు. తనిఖీ రోజుకు సిలిండర్లు అద్దెకు తెచ్చి గోడకు తగిలించి, సాయంత్రం తిరిగి పంపించేసిన హాలు గురించి కూడా విన్నాను. ఊరు పేరు చెప్పను.

ఇక మీ సొంత ఇళ్ల విషయం. ఇది హాలు కంటే ముఖ్యం. గ్రాట్యుటీతో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను కట్టుకున్నవారు మనలో ఎక్కువ. నంద్యాల బ్యాంకు పరీక్షల కోచింగుకు పేరుపడ్డ ఊరు. ఎక్కడెక్కడి పిల్లలో ఇక్కడికి వచ్చి చదువుకుంటున్నారు, మన ఇళ్లలో అద్దెకుంటున్నారు. మంచిదే, మనకు అద్దె, వాళ్లకు నీడ. కానీ పై పోర్షనులో గోడలు తీసేసి క్లాసులు పెడితే అది ఇల్లు కాదు, విద్యాలయం. సూరత్‌లో 2019 మే 24న ఒక వాణిజ్య భవనం పైకప్పు మీద వేసిన షెడ్డులో కోచింగ్ క్లాసు నడుస్తుండగా మంట లేచింది. పైకి పోయే మెట్లు చెక్కవి, అవి కాలిపోయాయి. పిల్లలు కిందికి దూకారు. 22 మంది పోయారు. 2023 జూన్ 15న ఢిల్లీ ముఖర్జీ నగర్‌లో కోచింగ్ పిల్లలు కిటికీల్లోంచి వైర్లు, తాళ్లు పట్టుకుని దిగారు. అదృష్టవశాత్తు అందరూ బతికారు.

మన మిద్దెల మీద రేకుల షెడ్డు వేసి "స్టడీ హాలు" అని బోర్డు పెట్టడం మామూలైపోయింది. అద్దె పత్రంలో "నివాసానికి మాత్రమే" అని ఉంటుంది, పైన యాభై బెంచీలుంటాయి. ఏదైనా జరిగితే యజమానిగా మొదట పిలిచేది మిమ్మల్నే. ఇంటి బీమా ఉన్నా, నివాసమని రాయించి వ్యాపారానికి వాడితే కంపెనీవారు క్లెయిము తిరస్కరించే వీలుంది. కోచింగుకు ఇస్తే అలాగని పత్రంలో రాసి, ఎన్.ఓ.సి. ఎవరు తేవాలో, పునరుద్ధరణ ఎవరి పూచీయో కూడా రాయించుకోండి.

కోతుల కోసం, దొంగల కోసం బాల్కనీలకు ఇనుప గ్రిల్లులు బిగిస్తున్నాం. అహోబిలం దారిలో ఉన్న ఆళ్లగడ్డ మిత్రులకు కోతుల బాధ నాకంటే బాగా తెలుసు. బిగించుకోండి, కాకపోతే ఒక్క గ్రిల్లుకైనా తలుపు పెట్టించి, దాని తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన మేకుకు తగిలించండి.

మనవలు చదివే బడి సంగతి కూడా అడగండి. 2004 జులై 16న కుంభకోణం బడిలో 94 మంది పిల్లలు పోయారు. వంటశాలలో పుట్టిన మంట కొట్టం కప్పుకు అంటుకుంది. ఆ కేసు కారణంగా 2009 ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు దేశంలోని బడులన్నిటికీ అగ్ని భద్రత తప్పనిసరి అని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఫీజు కట్టే తాతయ్యకు ఎన్.ఓ.సి. చూపించమని అడిగే హక్కు ఉంది.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఒక ఓడ పేలిపోయి, మంటలార్పడానికి వెళ్లిన సిబ్బంది ప్రాణాలర్పించిన రోజది. ఆ ఓడలో మందుగుండుతో పాటు పత్తి బేళ్లు కూడా ఉన్నాయి. పత్తి జిన్నింగు మిల్లుల మధ్య పెరిగిన నంద్యాలవాళ్లకు పత్తిలో నిప్పు ఎలా దాగి ఉంటుందో వివరించనక్కర లేదు. ఆ వారంలో స్టేషనువాళ్లను పిలిస్తే వచ్చి సిలిండరు వాడకం చూపిస్తారు. మనం పిలుద్దాం. ఆడవాళ్లు తప్పక రావాలి, వంటగదిలో ముందుండేది వాళ్లే. మరిగే నూనె అంటుకుంటే నీళ్లు పోయకూడదని, స్టవ్ ఆపి మూత వేయాలని అక్కడ కళ్లారా చూడవచ్చు.

ఆళ్లగడ్డ మిత్రులు ఆఖరి బస్సు చూసుకోవాలి గనుక ముగిస్తాను. మూడో అంశానికి నేను ప్రతిపాదించే సవరణ ఇది: "సమావేశ మందిరం కింది అంతస్తులో, కార్యాలయం పై అంతస్తులో ఉండేట్టు కొత్త ప్లాను తయారు చేయించవలెను. తాత్కాలిక ఎన్.ఓ.సి. చేతికి రానిదే కాంట్రాక్టరుకు అడ్వాన్సు ఇవ్వరాదు. మెట్ల కింద వాహనాలు పెట్టుట, ఛార్జింగు చేయుట నేటి నుంచే నిలిపివేయవలెను." బలపరిచేవారు దయచేసి చేతులెత్తవలసిందిగా అధ్యక్షులవారి ద్వారా కోరుతున్నాను.