తల్లి తప్పు కాదు, గ్రహణం తప్పూ కాదు



ఈ రోజు ఒక కష్టమైన సంగతి మాట్లాడుకుందాం. కష్టమైనది కాబట్టే మాట్లాడుకోవాలి.

కాన్పు కాగానే మనం ఏం అడుగుతాం? "ఆడబిడ్డా, మగబిడ్డా?" అని అడుగుతాం. ఆ వెంటనే బిడ్డ చేతులు చూస్తాం. కాళ్ళు చూస్తాం. వేళ్ళు లెక్కపెడతాం. లెక్క సరిపోతే అందరికీ నెమ్మది.

ఒక్కోసారి లెక్క సరిపోదు. ఒక వేలు సగమే ఉంటుంది. రెండు వేళ్ళు అతుక్కొని ఉంటాయి. కాలి మీద దారం కట్టి బిగించినట్టు గాడి ఉంటుంది. పాదం లోపలికి తిరిగి ఉంటుంది. పెదవి చీలి ఉంటుంది.

అప్పుడు మాటలు మొదలవుతాయి.

"గ్రహణం నాడు కత్తిపీట పట్టుకున్నావా?"

"వద్దంటే వినకుండా బయట తిరిగావు గదా?"

"ఏ జన్మలో ఏ పాపం చేశావో!"

పురిటి మంచం మీద ఉన్న ఆ తల్లి ఏం చెప్తుంది? తల దించుకుంటుంది. నిజంగానే తన తప్పేమో అనుకుంటుంది. ఇంట్లో అందరూ తప్పు ఎవరిదా అని వెతుకుతా ఉంటారు. బిడ్డను డాక్టరుకు చూపించాలనే మాట ఎవరికీ తోచదు. దానివల్ల నష్టపోయేది ఎవరు? ఆ పసిబిడ్డే.

అందుకని నిజం ఏందో తెలుసుకుందాం.

కడుపులో బిడ్డ ఎట్లా ఉంటుంది?

చేప కడుపు కోసినప్పుడు గుడ్ల సంచి చూశారు గదా. ఎంత పల్చని పొర! చెయ్యి గట్టిగా తగిలితే చినిగిపోతుంది. మన గర్భంలో కూడా బిడ్డ చుట్టూ అటువంటి పల్చని సంచి ఉంటుంది. దాని నిండా ఉమ్మనీరు. ఆ నీళ్ళలో బిడ్డ తేలుతా, కదులుతా పెరుగుతుంది.

ఆ సంచికి లోపల ఒక పొర, బయట ఒక పొర ఉంటాయి. చాలా అరుదుగా, గర్భం మొదటి నెలల్లో లోపలి పొర చినుగుతుంది. చినిగిన చోట సన్నని పోగులు లేస్తాయి. ఉమ్మనీళ్ళలో అవి తేలతా ఉంటాయి. బిడ్డ వేలికో, చేతికో, కాలికో చుట్టుకుంటాయి.

మన ఊళ్ళో వలలు అల్లేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు ఉన్నారు. నైలాన్ దారం వేలికి బిగుసుకుంటే ఏమవుతుందో మీకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వేలి కొన ఉబ్బుతుంది. నీలం రంగుకు తిరుగుతుంది. దారం ఊడదీయకపోతే వేలికే మోసం. కడుపులో బిడ్డకు జరిగేదీ ఇదే. పోగు కొంచెం బిగిస్తే గాడి పడుతుంది. ఎక్కువ బిగిస్తే రక్తం ఆడక వేలు అక్కడికే ఆగిపోతుంది. పక్కపక్క వేళ్ళను కలిపి చుడితే అవి అతుక్కుపోతాయి. పోగు ముఖానికి తగిలితే పెదవి కూడా చీలవచ్చు.

దీన్ని డాక్టర్లు అమ్నియోటిక్ బ్యాండ్ సిండ్రోమ్ అంటారు. పేరు పెద్దది. మనం "ఉమ్మపొర పోగుల లోపం" అనుకుందాం. ఇది అరుదు. 1,200 కాన్పులకు ఒకటి అని కొన్ని లెక్కలు చెప్తాయి. 15,000 కాన్పులకు ఒకటి అని మరికొన్ని చెప్తాయి.

ఆ పొర ఎందుకు చినుగుతుంది? దీనిమీద డాక్టర్లు చాలా ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. 1930లో అమెరికాలో స్ట్రీటర్ అనే శాస్త్రవేత్త, లోపం బిడ్డ పెరుగుదలలోనే ఉందన్నాడు. 1965లో టార్పిన్ అనే డాక్టరు, చినిగిన పొర పోగులే దీనికి కారణం అన్నాడు. ఇద్దరి మాటకూ ఈనాటికీ మద్దతు ఉంది. కానీ ఒక్క విషయంలో వాదన లేదు. తల్లి కూర్చున్నందుకో, లేచినందుకో, తరిగినందుకో, కుట్టినందుకో ఇది రాదు. మామూలుగా వంశంలో దిగేది కూడా కాదు. ఒక బిడ్డకు వస్తే తరవాతి బిడ్డకు రావడం చాలా అరుదు. కాబట్టి "ఈ పిల్లకు అందరూ ఇట్లాగే పుడతారు" అనే మాట నోట రానీయకండి.

మరి గ్రహణం సంగతి?

చీలిన పెదవిని మనం గ్రహణం మొర్రి అంటాం. పేరులోనే గ్రహణం ఉంది. అందుకే అనుమానం పోదు. కొంచెం ఆలోచించి చూద్దాం.

గ్రహణం అంటే నీడ. సూర్యుడికీ మనకూ మధ్య చంద్రుడు అడ్డం వస్తే సూర్యగ్రహణం. భూమి నీడ చంద్రుడి మీద పడితే చంద్రగ్రహణం. 1980 ఫిబ్రవరి 16న హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ వేధశాలలో సూర్యుడు పూర్తిగా కనపడకుండా పోయాడు. 2010 జనవరి 15న రామేశ్వరంలో సూర్యుడు ఉంగరంలా కనిపించాడు. 2025 సెప్టెంబరు 7 రాత్రి దేశమంతా సంపూర్ణ చంద్రగ్రహణం. ఆ రోజుల్లో ఎన్ని లక్షల మంది గర్భిణులు ఉండి ఉంటారు! గ్రహణం వల్లే మొర్రి వస్తే వాళ్ళలో ఎందరు బిడ్డలకు రావాలి? అట్లా జరగలేదు. మరి గ్రహణం లేని నెలల్లోనూ మొర్రి బిడ్డలు పుడుతూనే ఉన్నారు. లోకం మొత్తం మీద సుమారు 700 మంది బిడ్డల్లో ఒకరికి పెదవో, అంగిలో చీలి ఉంటుంది.

ఇంకొక మాట. బిడ్డ పై పెదవి గర్భం నిలిచిన ఏడు వారాలలోపే అతుక్కుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే గట్టిగా తెలియదు. ఏడో నెలలో గ్రహణం నాడు కత్తిపీట పట్టుకుంటే, ఎప్పుడో అతుక్కున్న పెదవి మళ్ళీ చీలుతుందా?

గ్రహణం నాడు ఒక జాగ్రత్త మాత్రం అందరికీ కావాలి. సూర్యుడిని ఉత్త కళ్ళతో చూడకూడదు. చూపు పోతుంది. అంతే. గర్భిణిని చీకటి గదిలో పెట్టి పస్తుంచితే మేలు కన్నా కీడే ఎక్కువ.

బిడ్డ పుట్టినాక ఏం చేయాలి?

గాడి లోతు లేకుండా, వేలు మామూలు రంగులో ఉంటే తొందర లేదు. డాక్టరు చూసి, అక్కర ఉంటేనే ఆపరేషన్ చేస్తారు. గాడికి అవతల వాపు ఉంటే, నీలంగా ఉంటే, చల్లగా ఉంటే మాత్రం ఆగకండి. అదే రోజు 108కు ఫోన్ చేయండి. నెల్లూరు పెద్దాసుపత్రికి పోండి. పురుడు వెళ్ళేదాకా బయటికి తీయకూడదు అని ఎవరన్నా వినకండి. పురుడు మళ్ళీ చేసుకోవచ్చు. పోయిన వేలు మళ్ళీ రాదు.

ఇంట్లో ఆ పోగును బ్లేడుతో కోయకండి. పసరు పూయకండి. వాతలు పెట్టకండి. దిష్టి అని ఆ కాలికి నల్లదారం బిగించి కట్టకండి. అసలే గాడి ఉన్న కాలు అది.

అతుక్కున్న వేళ్ళను ఆపరేషన్ చేసి విడదీస్తారు. సాధారణంగా మొదటి ఒకటి రెండేళ్ళలో చేస్తారు. సగం వేళ్ళున్న బిడ్డ కూడా పలక పట్టుకుంటుంది, అన్నం కలుపుకుంటుంది, బొంగరం తిప్పుతుంది. మనం అలవాటు చేయాలి. ఆ చేతిని కొంగు కింద దాచకూడదు.

పాదం లోపలికి తిరిగి ఉంటే దానికి పోన్సెటి పద్ధతి ఉంది. పోన్సెటి ఒక డాక్టరు పేరు. పుట్టిన కొద్ది వారాల్లోనే మొదలుపెడతారు. వారానికి ఒక పిండికట్టు. ఐదారు కట్లలో పాదం దారికి వస్తుంది. చాలామందికి మడమ నరం దగ్గర చిన్న కోత పెడతారు. తరవాత కడ్డీ బిగించిన బూట్లు. మొదటి మూడు నెలలు రాత్రీ పగలూ వేయాలి. ఆ తరవాత నిద్రపోయేటప్పుడు, నాలుగైదేళ్ళు వచ్చేదాకా వేయాలి. "పాదం బాగైంది గదా, బిడ్డ ఏడుస్తా ఉంది" అని మానేస్తే పాదం మళ్ళీ తిరుగుతుంది. ఇక్కడ గెలిపించేది డాక్టరు కాదు. ఓపికతో బూటు వేసే తల్లి, ఆమెకు సాయం చేసే తండ్రి.

మొర్రి ఉన్న బిడ్డకు మొదటి కష్టం పాలు. చప్పరించలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పోయాలి. బిడ్డ తల పైకి ఎత్తి పట్టుకోవాలి. పడుకోబెట్టి పోస్తే పొలమారుతుంది. మూడు నుంచి ఆరు నెలల మధ్య పెదవికి ఆపరేషన్ చేస్తారు. అంగిలి చీలి ఉంటే తొమ్మిది నుంచి పద్దెనిమిది నెలల మధ్య చేస్తారు. తరవాత మాట నేర్పించాలి.

2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం నడుస్తోంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లలను చూస్తారు. మొర్రి, వంకర పాదం, పుట్టు గుండె జబ్బు, వెన్ను లోపం అన్నీ అందులో ఉన్నాయి. కాన్పు తరవాత 42 రోజుల్లో ఆశా కార్యకర్త పలుమార్లు ఇంటికి వస్తుంది. ఆమె వచ్చినప్పుడు బిడ్డ గుడ్డలు విప్పి చూపించండి. సిగ్గు పడకండి. ఆపరేషన్ ఖర్చుకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందా అని ఆసుపత్రిలో కార్డు చూపి అడగండి. నోరు తెరిచి అడగడం మన హక్కు.

ముందు జాగ్రత్తలు

ఉమ్మపొర పోగుల లోపం రాకుండా ఆపే మందు లేదు. కానీ పుట్టుకతో వచ్చే లోపాలు చాలా రకాలు. వాటిలో కొన్నింటిని తగ్గించుకోవచ్చు.

ఫోలిక్ ఆసిడ్ మాత్ర వెన్ను లోపాన్ని తగ్గిస్తుంది. బిడ్డ వెన్ను గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. కాబట్టి బిడ్డ కావాలి అనుకున్నప్పుడే ఈ మాత్ర మొదలుపెట్టాలి. నాలుగో నెల నుంచి ఐరన్ మాత్రలు 180 రోజులు మింగాలి.

మేనమామకు, మేనబావకు ఇచ్చి చేయడం మనలో ఉంది. మామూలుగా వంద మంది బిడ్డల్లో ఇద్దరు ముగ్గురికి పెద్ద లోపం ఉంటుంది. దగ్గరి చుట్టరికం పెళ్ళిళ్ళలో ఇది సుమారు రెట్టింపు. ఆస్తి బయటికి పోకూడదని చూస్తాం. బిడ్డ ఆరోగ్యం కూడా ఆస్తే.

సారా, పొగాకు గర్భిణికి పనికిరావు. మందుల షాపులో అడిగి మాత్రలు మింగకండి. 1957లో జర్మనీలో థాలిడోమైడ్ అనే మాత్ర వచ్చింది. వేవిళ్ళకు మంచిదన్నారు. చాలా దేశాల్లో సుమారు 10,000 మంది బిడ్డలు చేతులు, కాళ్ళు సరిగా లేకుండా పుట్టారు. 1961లో దాన్ని ఆపేశారు. అమెరికాలో మాత్రం ఫ్రాన్సిస్ కెల్సీ అనే ఆమె అమ్మకానికి ఒప్పుకోలేదు. ఆమె మందుల శాఖలో డాక్టరు. "రుజువు చూపండి" అంది. ఎంత ఒత్తిడి చేసినా లొంగలేదు. ఒక ఆడమనిషి ప్రశ్న ఎందరు బిడ్డలను కాపాడిందో చూడండి.

మన జిల్లాలో మాత్రం ప్రశ్నించినవాళ్ళు లేరా? 1992లో దూబగుంట ఆడవాళ్ళు చదువు నేర్చుకుంటూ ఆలోచించారు. "మన కూలి డబ్బు సారా అంగడికి ఎందుకు పోవాలి?" అని లేచారు. రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నడిచారు. ఊరూరా అంగళ్ళు మూతపడ్డాయి.

అంత పెద్ద పని చేసిన జిల్లా మనది. ఈ చిన్న పని చేయలేమా? ఇకమీదట ఏ ఇంట్లో ఇటువంటి బిడ్డ పుట్టినా "గ్రహణం నాడు ఏం చేశావు?" అని అడగవద్దు. "వేలు వెచ్చగా ఉందా? పాలు తాగుతోందా? ఏ ఆసుపత్రికి పోదాం? నేనూ తోడు వస్తా" అని అడుగుదాం.

చదివి చెప్పండి

1. ఉమ్మపొర పోగు వేలికి చుట్టుకుంటే ఏమవుతుంది?

2. ఏ గుర్తులు కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి పోవాలి?

3. మొర్రి ఉన్న బిడ్డకు పాలు ఎట్లా పట్టాలి?

4. మీ వీధిలో గర్భిణులు ఎవరు? వాళ్ళలో ఒకరికి ఈ పాఠం చదివి వినిపించండి.